కర్ణాటక రాజముద్ర: అర్థం తెలుసుకొని, హద్దు ఎరిగి వాడటం ఎలా

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారికి నవంబర్ 1 రెండు విధాలుగా పండుగ రోజు. 1956లో ఆ రోజునే ఆంధ్రప్రదేశ్ అవతరించింది, ఆ రోజునే కన్నడ ప్రాంతాలన్నీ కలిసి విశాల మైసూరు రాష్ట్రం ఏర్పడింది, 1973 నవంబర్ 1న ఆ మైసూరు రాష్ట్రమే కర్ణాటక అనే పేరు పొందింది. అందుకే అక్టోబరు నెల రాగానే తెలుగు సంఘాలలోనూ, అపార్ట్‌మెంట్ల సాంస్కృతిక బృందాలలోనూ ఆహ్వాన పత్రికలు, బ్యానర్లు, జ్ఞాపికలు, ప్రత్యేక సంచికల పని మొదలవుతుంది. వాటి పైభాగాన గండభేరుండం ఉన్న కర్ణాటక రాజముద్రను, దాని పక్కన ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ చిహ్నాన్ని వేయిస్తే నిండుగా ఉంటుందని ఎవరో ఒకరు సూచిస్తారు. ఆ సూచన వెనుక ఉన్నది గౌరవమే తప్ప మరొకటి కాదు. అయితే రాజముద్ర అలంకారం కోసం పుట్టినది కాదు. ఇంటి పెద్ద మీద మనకు ఎంత ప్రేమ ఉన్నా ఆయన సంతకాన్ని మనం పెట్టనట్లే, ప్రభుత్వం తన మాటకు తాను వేసుకునే ముద్రను మన కాగితంపై మనం వేసుకోకూడదు. ఆ ముద్రలో ఏముందో చదవడం, దాన్ని ఎక్కడ చూపవచ్చో, ఎక్కడ చూపకూడదో గుర్తించడం, దాని బదులు ఏమి వాడవచ్చో నిర్ణయించుకోవడం అనే మూడు పనులకు ఉపయోగపడేలా ఈ వివరణ రాస్తున్నాను.

ముద్రను పై నుంచి కిందికి చదవడం

కర్ణాటక రాజముద్రను చూసినప్పుడు కన్ను సహజంగా మధ్యనున్న పక్షి మీదికి పోతుంది. చదవడం మాత్రం పై నుంచి మొదలుపెట్టాలి. శిరోభాగంలో ఉన్నది సారనాథ్‌లోని అశోక స్తంభపు సింహ శీర్షం. అసలు శిల్పంలో వీపులు ఆనించి నాలుగు దిక్కులకూ చూస్తున్న నాలుగు సింహాలు ఉంటాయి, బొమ్మలో మూడే కనిపిస్తాయి. సింహాల కింది పట్టీపై నడుమ ధర్మచక్రం, చూసేవారికి కుడివైపు ఎద్దు, ఎడమవైపు పరుగెత్తుతున్న గుర్రం, రెండు చివరలా మరో రెండు ధర్మచక్రాల అంచులు ఉంటాయి. శిల్పం చుట్టూ తిరిగి చూస్తే ఏనుగు, సింహం కూడా ఆ పట్టీపై కనిపిస్తాయి. భారత ప్రభుత్వం ఈ సింహ శీర్షాన్ని 1950 జనవరి 26న జాతీయ చిహ్నంగా స్వీకరించింది. స్వీకరించినప్పుడు అసలు స్తంభంలో పట్టీకి దిగువన ఉన్న గంట ఆకారపు పద్మాన్ని వదిలివేసి, ముండకోపనిషత్తులోని ‘సత్యమేవ జయతే’ అనే వాక్యాన్ని దేవనాగరి లిపిలో చేర్చింది. ఆ వాక్యం చిహ్నంలో అంతర్భాగం. వాక్యం తీసివేసి సింహాలను మాత్రమే అచ్చువేస్తే అది జాతీయ చిహ్నపు పూర్తి రూపం కాదు.

సింహ శీర్షం కింద నీలి అంచు గల ఎర్రని డాలు, ఆ డాలుపై తెల్లని గండభేరుండం ఉంటాయి. ఒక దేహం, రెండు తలలు గల ఈ పక్షి మన పిల్లల కథలలోనూ బాగా తెలిసినదే. కన్నడ నేలపై దీని చరిత్ర మరింత పాతది. శివమొగ్గ జిల్లాలోని బళ్ళిగావిలో 1047లో, కల్యాణి చాళుక్యుల కాలంలో నిలిపిన ఒక స్తంభంపై మనిషి దేహం, రెండు పక్షి తలలు గల భేరుండ రూపం నేటికీ ఉంది. విజయనగర కాలంలో అచ్యుతదేవరాయలు తన నాణేలపై, ముక్కులతోనూ కాళ్లతోనూ ఏనుగులను పట్టుకున్న గండభేరుండాన్ని ముద్రింపజేశాడు. మృగాలన్నిటిలో బలిష్ఠమైన ఏనుగునే ఎత్తుకుపోగల పక్షి అని చెప్పడం ద్వారా రాజు తన బలాన్ని ప్రకటించుకున్నాడు. బెంగళూరు నుంచి సెలవు రోజున లేపాక్షికి వెళ్లి వచ్చే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి వీరభద్రాలయం కట్టినది కూడా ఈ అచ్యుతరాయల కాలంలోనే అని పిల్లలకు చెబితే, డాలుపైని పక్షికీ, వారు చూసి వచ్చిన వేలాడే స్తంభానికీ మధ్య ఉన్న బంధం వారికి తెలుస్తుంది. విజయనగరం తరువాత గండభేరుండం మైసూరు వడయార్ల వంశ చిహ్నమైంది, సంస్థానం భారతదేశంలో చేరిన తరువాత రాష్ట్రానికి వారసత్వంగా వచ్చింది. పక్కనున్న కేరళ చిహ్నంలోని రెండు ఏనుగులు, శంఖం ఇదే విధంగా తిరువాన్కూరు సంస్థానం నుంచి వచ్చినవి.

డాలుకు రెండువైపులా, పచ్చని ఆకుల పీఠంపై నిలబడి, ఏనుగు తల, సింహపు ఒడలు, ఎర్రని జూలు గల పసుపు రంగు మృగాలు కాపు కాస్తుంటాయి. వీటిని శరభాలు అంటారు, గజకేసరి అని కూడా వ్యవహరిస్తారు. పురాణాలు వర్ణించే ఎనిమిది కాళ్ల శరభం రూపం వేరు, ఇది ఏనుగు బలాన్నీ సింహ పరాక్రమాన్నీ ఒకే ఒంట్లో చూపే శిల్ప సంప్రదాయపు రూపం. ఇక్కడ ఒక విశేషం ఉంది. హిరణ్యకశిపుని చంపిన తరువాత కూడా చల్లారని నరసింహుని శాంతింపజేయడానికి శివుడు శరభ రూపం దాల్చాడని శైవులు చెబుతారు. ఆ శరభాన్ని ఎదిరించడానికి నరసింహుడే గండభేరుండంగా మారాడని వైష్ణవులు చెబుతారు. కథలో ఒకదానిపై ఒకటి కలబడిన ఆ రెండు రూపాలూ రాజముద్రలో ఒకే చోట ఉన్నాయి, పైగా శరభం గండభేరుండానికి కాపలాగా నిలిచింది. దీనిని రూపొందించినవారు ఆ సమన్వయాన్ని ఉద్దేశించి చేశారో లేదో గాని, శైవ వైష్ణవ సంప్రదాయాలు రెండూ లోతుగా వేళ్లూనుకున్న కన్నడ, తెలుగు సీమలకు ఇంతకంటె తగిన చిత్రం నాకు కనిపించదు. ముద్రను పిల్లలకు పరిచయం చేసేవారు ఈ భాగంపై కాస్త ఎక్కువ సమయం గడపాలని నా కోరిక.

ఒక చిన్న సవరణ కూడా అవసరం. పాఠశాలల క్విజ్ పోటీలలో గండభేరుండాన్ని కర్ణాటక రాష్ట్ర పక్షిగా చెప్పే పిల్లలు కనిపిస్తారు. రాష్ట్ర పక్షి పాలపిట్ట, తెలంగాణకూ అదే. గండభేరుండం రాజముద్రలోని చిహ్నం మాత్రమే.

చట్టం గీసిన గీత

రాజముద్ర వాడకాన్ని ప్రధానంగా రెండు కేంద్ర చట్టాలు నియంత్రిస్తాయి. మొదటిది చిహ్నాలు, పేర్ల దుర్వినియోగాన్ని నిరోధించే 1950 నాటి చట్టం. కేంద్ర ప్రభుత్వం లేదా ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా వాడే పేరును, చిహ్నాన్ని, అధికార ముద్రను వ్యాపారానికి గాని, వృత్తికి గాని, ట్రేడ్‌మార్కుగా గాని అనుమతి లేకుండా వాడకూడదని అది చెబుతుంది. రెండవది జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని నిషేధించే 2005 నాటి చట్టం, దాని కింద 2007లో చేసి 2010లో సవరించిన నియమాలు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముద్రలు మూడింటిలోనూ సారనాథ్ సింహాలు ఉన్నందువల్ల, రాష్ట్ర చిహ్నమే కదా అనుకొని ఈ రెండవ చట్టాన్ని పక్కన పెట్టడానికి వీలులేదు. ఒక రాష్ట్రం తన ముద్రలో జాతీయ చిహ్నాన్ని కొత్తగా చేర్చుకోవాలన్నా కేంద్రం నుంచి ముందుగా అనుమతి తీసుకొని, రూపకల్పనను కూడా ఆమోదింపజేసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వానికే ఇంత కట్టుబాటు ఉన్నప్పుడు, ఒక సంఘానికి ఎంత ఉండాలో సులభంగా ఊహించవచ్చు.

సంఘాల విషయంలో 2007 నియమాలు తడుముకోవడానికి తావివ్వవు. రిజిస్టరు అయినా కాకపోయినా, ఏ సంఘమూ లేదా వ్యక్తుల సమూహమూ తన లెటర్‌హెడ్‌లపై, కరపత్రాలపై, బ్యాడ్జీలపై, జెండాలపై, మరే విధంగానూ ఆ చిహ్నాన్ని వాడకూడదు. మాజీ మంత్రులు, మాజీ శాసనసభ్యులు, పదవీ విరమణ చేసిన న్యాయమూర్తులు, అధికారులు కూడా వాడకూడదు. వాడే అధికారం ఉన్నవారు సైతం చిహ్నం ఉన్న విజిటింగ్ కార్డుపై తమ పేరు పక్కన న్యాయవాది, సంపాదకుడు, చార్టర్డ్ అకౌంటెంట్ వంటి వృత్తి హోదాలు వేసుకోకూడదు. మీ సంఘానికి గౌరవాధ్యక్షులుగా ఒక విశ్రాంత ఐఏఎస్ అధికారి ఉన్నారనుకోండి. ఆయన పాత హోదా వల్ల ఈ హక్కు సంఘానికి గాని, ఆయనకు గాని రాదు. ఈ సంగతి ఆయనకు చెప్పడానికి మొహమాట పడవలసిన పనిలేదు, నియమం ఎరిగిన అధికారి ఎవరూ నొచ్చుకోరు. ఉల్లంఘనకు 2005 చట్టం రెండేళ్ల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ నిర్దేశించింది.

అదే నియమాలు ఒక తలుపును తెరిచే ఉంచాయి. పాఠ్యపుస్తకాలలోనూ, చరిత్ర, కళ, సంస్కృతికి సంబంధించిన పుస్తకాలలోనూ, పత్రికలలోనూ చిహ్నం పుట్టుకను, ప్రాముఖ్యాన్ని వివరించే పాఠంలో భాగంగా దాని బొమ్మను వేయవచ్చు. అయితే అది ప్రభుత్వ ప్రచురణ అన్న భ్రమ కలిగేలా ముఖచిత్రంపై గాని, శీర్షిక పుటపై గాని వేయకూడదు. తెలుగు సంఘాలకు పనికివచ్చే మార్గం నిజానికి ఇదే. రాజముద్రపై నిజమైన ఆసక్తి ఉంటే, దానిని బ్యానర్ మూలన బిగించడం కంటె ప్రత్యేక సంచిక లోపలి పుటలలో రెండు పుటల వ్యాసం వేయించి, బొమ్మ కింద వివరణ రాయడం ఎక్కువ మర్యాద, ఎక్కువ ఉపయోగం.

ఒక్కొక్క వస్తువు విషయంలో ఏమి చేయాలి

ఆహ్వాన పత్రికపై మీ సంఘపు సొంత చిహ్నం, పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య చాలు. మంత్రి గాని, శాసనసభ్యులు గాని ముఖ్య అతిథిగా వస్తున్నారంటే వారి పేరు, పదవి సరిగా రాయండి. వారు రావడం వల్ల మీ పత్రికకు రాజముద్ర రాదు. కన్నడ సంస్కృతి శాఖ వంటి ప్రభుత్వ శాఖ కార్యక్రమానికి ఆర్థిక సహాయం చేస్తున్నప్పుడు పరిస్థితి కొంత సున్నితంగా ఉంటుంది. శాఖ తానే అచ్చువేయించే పత్రికపై ముద్ర ఉంటుంది, అది వారి అధికారం. మీరు అచ్చువేయించే పత్రికపై ‘కన్నడ సంస్కృతి శాఖ సహకారంతో’ అన్న మాటలు మాత్రం, వారి సమ్మతి లిఖితంగా తీసుకొని, వేయండి. పత్రిక ముసాయిదాను అచ్చుకు ముందే శాఖకు పంపి చూపించుకోవడం మంచి అలవాటు.

జ్ఞాపికల విషయంలోనే పొరపాట్లు ఎక్కువ. బెంగళూరులో జ్ఞాపికలు చేసే దుకాణాలలో రాజముద్ర చెక్కిన నమూనాలు తయారుగా ఉండవచ్చు, దుకాణదారు అందరూ తీసుకుంటారని చెప్పవచ్చు. ఆ మాట మీకు అనుమతి కాదు. అటువంటి జ్ఞాపికను ఒక సభలో చూశాను. ప్రతిబింబంలా తిరగేసి చెక్కడం వల్ల ఎద్దు ఎడమవైపుకు, గుర్రం కుడివైపుకు మారిపోయాయి, చోటు చాలక ‘సత్యమేవ జయతే’ పూర్తిగా పోయింది. అందుకున్న పెద్దాయన దానిని ఇంటి హాలులో పెట్టుకుంటారు, చూసినవారు అదే సరైన రూపమనుకుంటారు. ఇటువంటి తప్పు ఎన్నేళ్లు నిలిచిపోతుందో ఊహిస్తేనే బాధ కలుగుతుంది. జ్ఞాపికపై విధానసౌధ ముఖద్వారపు రేఖాచిత్రాన్నో, గంధపు చెక్కపై చెక్కిన హంసనో, చన్నపట్న లక్కబొమ్మనో ఇవ్వండి. కర్ణాటక కళ కావాలంటే ఈ రాష్ట్రంలో కొదువ లేదు.

కార్లు, స్కూటర్లపై రాజముద్ర స్టిక్కర్లు అంటించకూడదు. వాహనాలపై చిహ్నాన్ని ప్రదర్శించే అధికారం ఎవరికి ఉందో నియమాల అనుబంధంలో పేర్కొన్నారు, ఆ పదవులలో లేనివారికి అది లేదు. నంబర్ ప్లేటుపై రిజిస్ట్రేషన్ అక్షరాలు, అంకెలు తప్ప మరేమీ ఉండకూడదన్నది వేరే నిబంధన.

వేదికపై పూలతో, వాకిట ముగ్గుతో, కేకుపై క్రీముతో రాజముద్ర వేయడం గురించి అడిగేవారు ఉంటారు. చట్టం మాట అటుంచి, సాయంత్రానికి కాళ్ల కింద పడేదానిపైన, కోసి పంచేదానిపైన, మరునాడు చెత్తబండిలో వేసేదానిపైన సింహ శీర్షం ఉండటం తగదని నా దృఢమైన అభిప్రాయం. పేపరు ప్లేట్లు, గ్లాసులు, బెలూన్లకూ ఇదే వర్తిస్తుంది.

కన్నడిగులు నవంబర్ 1న జరుపుకునే రాష్ట్రావతరణ పండుగైన రాజ్యోత్సవ శోభ కోసం రాజముద్ర తప్పనిసరి కాదు. బెంగళూరు వీధుల్లో ఆ నెలంతా ఎగిరే పసుపు, ఎరుపు రంగుల కన్నడ జెండా ఉంది, కన్నడ తల్లిగా కొలిచే భువనేశ్వరీ దేవి చిత్రం ఉంది. వాటిని గౌరవంగా వాడితే ఇరుగుపొరుగు కన్నడిగులకు ఆత్మీయత కలుగుతుంది. 2018 మార్చిలో రాష్ట్ర మంత్రివర్గం పసుపు, తెలుపు, ఎరుపు పట్టీలతో, నడుమ రాజముద్రతో ఒక జెండా నమూనాను ఆమోదించి కేంద్రానికి పంపింది. ఇంటర్నెట్లో దొరికే ఆ నమూనాను రాష్ట్ర అధికారిక జెండా అనుకొని అచ్చువేయించకండి.

గండభేరుండం మాత్రం వాడుకోవచ్చునా

ఇది తరచుగా ఎదురయ్యే, జాగ్రత్తగా జవాబు చెప్పవలసిన ప్రశ్న. గండభేరుండం అన్న భావన ప్రభుత్వం సృష్టించినది కాదు. వెయ్యేళ్ల నాటి శిల్పాలలో ఉంది, ఆభరణాలలో ఉంది, కంచి పట్టుచీరల అంచులలో రెండు తలల పక్షిగా నేటికీ నేస్తున్నారు. ఆ సంప్రదాయం నుంచి స్ఫూర్తి పొంది మీ చిత్రకారుడు తనదైన రేఖలో గీసిన పక్షికీ, ప్రభుత్వ ముద్రకూ తేడా ఉంది. కాని ఆ తేడా దూరం నుంచి చూసినా తెలియాలి. ఎర్రని డాలు, నీలి అంచు, ఇరువైపులా మృగాలు, పైన సింహాలు, కింద నినాదం ఉన్న అమరికలో ఏ ఒక్క భాగాన్ని మార్చి ‘ఇది వేరే’ అనడం సరిపోదు, అనుకరణగా కనిపించేదానికీ 1950 చట్టం వర్తిస్తుంది. బళ్ళిగావి స్తంభపు రూపాన్నో, అచ్యుతరాయల నాణెపు రూపాన్నో ఆధారంగా తీసుకొని, డాలు లేకుండా, ఒకే రంగులో గీయించడం క్షేమకరం. పక్కన చిన్న అక్షరాలతో ఆ మూలం ఎక్కడిదో రాయిస్తే చూసినవారికి చరిత్ర కూడా తెలుస్తుంది. దానిని సంఘపు శాశ్వత చిహ్నంగా చేసుకోవాలనుకుంటే మాత్రం ముందుగా న్యాయవాదిని సంప్రదించండి.

లోపలి పుటలో బొమ్మ వేసేటప్పుడు

వివరణ వ్యాసంలో రాజముద్ర బొమ్మను వేయవచ్చునన్నాను గనుక, వేసే పద్ధతి కూడా చెప్పాలి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను డీటీపీవారికి పంపకండి, అది కుదించుకుపోయి, అచ్చులో శరభాల ముఖాలు మచ్చలుగా మారతాయి. ప్రభుత్వ వెబ్‌సైటులోని స్పష్టమైన ప్రతిని తీసుకోండి. పుటలో చోటుకు సరిపోయేలా నిలువుగానో అడ్డంగానో సాగదీయకూడదు, పొడవు వెడల్పుల నిష్పత్తి మారకూడదు. రంగుల పుటలో అసలు రంగులే ఉంచాలి, నలుపు తెలుపు పుటలో ఒకే రంగు రేఖాచిత్రం వాడాలి, మీ సంచిక రంగులకు సరిపోలేలా డాలును ఆకుపచ్చ చేయకూడదు. అక్షరాల వెనుక లేతగా నీటిగుర్తులా పరచకూడదు. ప్రూఫ్ వచ్చినప్పుడు గుర్రం ఎడమవైపే ఉందా, నినాదం దేవనాగరిలో పూర్తిగా ఉందా, మూడు సింహాలూ కనిపిస్తున్నాయా అని చూడండి, తిరగేసిన బొమ్మను పట్టుకోవడానికి గుర్రమే మంచి ఆనవాలు. ఆ పుట ఎదురుగా ప్రకటన ఉండకుండా సంపాదకులు చూసుకోవాలి. నగల దుకాణం ప్రకటన పక్కన రాజముద్ర కనిపిస్తే, వ్యాపారానికి వాడుకున్నారన్న అపవాదు రావచ్చు.

తెలుగు రాష్ట్రాల చిహ్నాలకూ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి, కాకపోతే పాత బొమ్మల బెడద అక్కడ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ ముద్రలో అమరావతి శిల్పకళ నుంచి తీసుకున్న పూర్ణఘటం ఉంటుంది. 2018లో దానిని కొత్తగా రూపొందించి, తెలుగు లిపికి పైభాగాన స్థానమిచ్చారు. పాత రూపం నేటికీ ఇంటర్నెట్లో తిరుగుతూనే ఉంది. తెలంగాణ ముద్రలో కాకతీయ కళాతోరణం, చార్మినార్ ఉంటాయి, అది 2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు వచ్చినది. 2024లో కొత్త చిహ్నం గురించి చర్చ జరిగినప్పుడు కొన్ని ముసాయిదా బొమ్మలు సామాజిక మాధ్యమాలలో ప్రచారమయ్యాయి, వాటిలో దేనినీ అధికారిక రూపమనుకొని వ్యాసంలో వేయకండి. మూడు ముద్రలనూ ఒకే పుటలో చూపవలసివస్తే ఒకే ఎత్తులో, మధ్య తగినంత ఖాళీ ఉంచి, ఒకదానిపై ఒకటి పడకుండా అమర్చండి. కార్యక్రమం జరుగుతున్న నేల కర్ణాటక గనుక దాని ముద్రకు మొదటి స్థానం ఇవ్వడం అతిథి ధర్మమని నేను భావిస్తాను.

ఇప్పటికే అచ్చయిపోయి ఉంటే, ముందుగా పంపిణీ ఆపండి. ఆహ్వాన పత్రికలపైనైతే కొత్త అచ్చు వేయించడమే మేలు, స్టిక్కరుతో కప్పితే అది ఊడిపోవచ్చు. లెటర్‌హెడ్‌లను పూర్తిగా రద్దు చేసి, పాత కాగితంపై ఇకముందు ఎవరూ ఉత్తరాలు రాయకూడదని కార్యవర్గ తీర్మానంలో నమోదు చేయండి. తీసివేసిన కాగితాలను రోడ్డు పక్కన పారవేయకుండా, ముద్ర గుర్తుపట్టలేని విధంగా యంత్రంలో చించి పంపండి. నిజంగానే ముద్ర వాడవలసిన ప్రత్యేక సందర్భం ఉందని మీ కార్యవర్గం నమ్మితే, రాష్ట్రంలో సిబ్బంది, పరిపాలన సంస్కరణల శాఖలోని రాజ్య శిష్టాచార (ప్రోటోకాల్) విభాగానికి ఉద్దేశం, తేదీ, నమూనా జతచేసి ఉత్తరం రాయండి. 2005 చట్టాన్ని అమలు చేసేది కేంద్ర హోం మంత్రిత్వ శాఖ గనుక అక్కడి నుంచి కూడా అనుమతి అవసరం కావచ్చు. జవాబుకు సమయం పడుతుంది, నవంబర్ కార్యక్రమానికి వేసవిలోనే రాయడం మంచిది. జవాబు రాకపోతే దానిని సమ్మతిగా లెక్కించకండి, ముద్ర లేకుండానే పత్రికను అచ్చుకు పంపండి.